నడిమి అక్షరం మాయమైన ఏడాది

నా కుడికన్ను నడుమ ఒక మచ్చ ఉంది. అది ముసలితనంతో రాలేదు, షుగరుతో రాలేదు, చదవడం వల్ల అసలే రాలేదు. మా ఇంట్లో, పట్టపగలు, తలుపులు మూసుకుని చేసిన పని వల్ల వచ్చింది. ఈ మాట మా ఊరు ఏడాదిపాటు వినలేదు. మా ఇంటివాళ్లు విననివ్వలేదు. ఇప్పుడు కన్ను కొంత నిలకడకు వచ్చింది కాబట్టి రాస్తున్నాను. కోపం తగ్గాక రాయమని మా పంతులమ్మ సరిత చెప్పింది. తగ్గేదాకా ఆగితే ఈ కాగితం తెల్లగానే ఉంటుంది.

నా పేరు అంజమ్మ. మాది కోస్గి. మా ఇంటాయన బాలయ్యకు బజారులో స్టీలు గిన్నెల దుకాణం, దాని వెనకే మా ఇల్లు. చిన్నప్పుడు నేను బడి ముఖం చూడలేదు. మా నాయిన గొర్రెల వెంట తిరిగేవాడు, మేము ఆయన వెంట తిరిగేవాళ్లం. ఆ తిరుగుళ్లలోనే తట్టు పోసి నా ఎడమకంట్లో పువ్వు పడింది. ఆ కంటికి వెలుగు, చీకటి తెలుస్తాయి, అంతే. కుడికంటితోనే పెళ్లి చూశాను, పిల్లల్ని చూశాను. నలభై దాటాక మా వాడకు పెద్దవాళ్ల బడి వస్తే అక్షరాలు కూడా ఆ ఒక్క కంటితోనే నేర్చుకున్నాను.

అక్షరాలు వచ్చాక నాకు దుకాణంలో ఒక పని దొరికింది. మా దిక్కు పెళ్లికో కొత్తింటికో గిన్నె కొనిచ్చేవాళ్లు దాని మీద తమ పేరు వేయించుకుంటారు. దానికి చేతిలో పట్టుకునే కరెంటు మిషను ఉంటుంది. దాని సూది టకటకా కొట్టుకుంటూ స్టీలు మీద చుక్కలు పెడుతుంది. చుక్కలన్నీ కలిస్తే పేరు. మా ఇంటాయన కొడితే పేర్లు ఎండిన తుమ్మకొమ్మల్లా ఉండేవి. నేను గుండ్రంగా కొట్టేదాన్ని. నేను కూర్చున్నప్పటి నుంచి ఆడవాళ్లు గిన్నె పట్టుకుని నేరుగా నా దగ్గరికే వచ్చేవాళ్లు. ముందు మగాయన పేరు చెప్పేవాళ్లు. అది అయ్యాక గొంతు తగ్గించి, "కింద నాది గూడ కొట్టక్కా, చిన్నగ" అనేవాళ్లు. నేను చిన్నగా కొట్టేదాన్ని కాదు.

ఆ చదువు నాకు ఉంటుందా పోతుందా అన్నదే ఆ ఏడాదంతా నా బతుకు. ఇంట్లో మిగతావాళ్లకు అదొక పెద్ద సంగతి కాదు. నా కోపమంతా అక్కడే ఉంది.

1996, శివరాత్రి దాటాక

మా మరిది నర్సింలు ఐటీఐ చదివాడు. దుకాణం వెనక గదిలో టీవీలు, టేపురికార్డర్లు బాగుచేసేవాడు. పనిమంతుడే, కాదనను. అప్పుడప్పుడు పట్నం పోయి, పాత యంత్రాల తుక్కు అమ్మే బజారులో ఏవో ముక్కలు ఏరుకుని వచ్చేవాడు. ఒకసారి మాత్రల డబ్బాలో దూది పరిచి, ఆ దూది మధ్య గోరంత పసుపుపచ్చ లోహపు ముక్క పెట్టుకుని తెచ్చాడు.

"వదినా, గిదేందో చెప్పు సూద్దాం."

"పుస్తె లెక్కున్నది. ఎవలికి తెచ్చినవ్? పిల్ల దొరికిందా?"

"పుస్తె గాదే తల్లీ, లేజరు. ఏదో పెద్ద మిషన్లకెల్లి పీకిన్రు. దీనితోని పేర్లు కొట్టొచ్చు. చప్పుడుండది. నీ చెయ్యి గుంజది."

పొద్దంతా మిషను పట్టుకుంటే సాయంత్రానికి నా వేళ్లు మొద్దుబారేవి. అన్నం ముద్ద కలపడానికి కూడా వంగేవి కావు. అది చూసే తెచ్చాడు. ఇది కూడా రాయాలి. రాయకపోతే నాదీ అబద్ధమే అవుతుంది.

ఆ ముక్కను అతను చూసుకున్న తీరు చెబుతాను. నన్ను దగ్గరికి రానిచ్చేవాడు కాదు. "ముట్టకు వదినా! ఒంట్ల ఉన్న జరంత కరెంటు తాకినా సచ్చిపోతది" అనేవాడు. తను ముట్టుకునే ముందు మణికట్టుకు తీగ చుట్టుకుని, దాని రెండో కొసను భూమిలోకి దింపిన ఇనుప కడ్డీకి కట్టేవాడు. వేడెక్కితే పాడవుతుందని ఆ ముక్కను అల్యూమినియం దిమ్మకు బిగించాడు. దిమ్మ వెనక చిన్న ఫ్యాను పెట్టాడు. మా ఇంటి కరెంటు ఎగిరెగిరి వస్తుందని నమ్మకుండా బ్యాటరీ తెచ్చాడు. కరెంటు ఒక్కసారిగా మీద పడకుండా మెల్లగా పెరిగేట్టు ఒక తిప్పుడు గుండీ పెట్టాడు. అసలు ముక్కను కలిపే ముందు దాని బదులు మామూలు ముక్కలు పెట్టి మీటరుతో మళ్లీ మళ్లీ కొలుచుకున్నాడు. బాలింతను కూడా ఎవరూ అట్లా చూసుకోరు. ఆ ఇంట్లో నేను పిల్లల్ని కన్నాను, నాకు తెలుసు.

కళ్ల సంగతి అడిగింది మా అత్తమ్మ ఒక్కతే. ఆమెకు అంతకు ముందు ఏడు కంటి శిబిరంలో శుక్లం తీశారు.

"ఏమిరా, గది సూస్తే కండ్లకేం గాదా?"

"నీ నల్లద్దాలు ఇయ్యే అమ్మా, వదినె పెట్టుకుంటది. నాకు నా చలువద్దాలు ఉన్నయి."

ఆపరేషన్ అయిన రోజు శిబిరంలో ఆమెకు ఇచ్చిన అద్దాలు అవి. పక్కల కూడా మూసి ఉంటాయి. పెట్టుకుంటే మిట్టమధ్యాహ్నం కూడా పొద్దుగూకినట్టు ఉంటుంది. ఎండనే ఆపినవి ఈ గోరంత దాన్ని ఆపవా అనుకున్నాం. నర్సింలు కూడా అదే అనుకున్నాడు. ముక్క కోసం భూమి దాకా తీగ వేసినవాడు, మనిషి కంటికి మా అత్తమ్మ నల్లద్దాలు చాలనుకున్నాడు.

మధ్యాహ్నం తిన్నాక, గిరాకీ లేని వేళ, వెనక గది తలుపు మూశాడు. చుక్క బాగా కనపడాలని కిటికీకి గోనెపట్టా కట్టాడు. ముందు నల్లకాగితం పెట్టి గుండీ తిప్పాడు. కాగితం మీద ఆరిపోబోయే ఊదుబత్తి కొనలా మసక ఎర్రచుక్క కనిపించింది. ఇంతేనా అనిపించింది. అంతలోనే ఆ చుక్కలోంచి పొగ లేచి కాగితానికి బెజ్జం పడింది. తర్వాత అగ్గిపుల్ల పెడితే భగ్గుమంది. నర్సింలు చిన్నపిల్లాడిలా ఎగిరాడు. నేను కూడా నవ్వాను.

"ఇగ పళ్లెం పట్టు వదినా. నువ్వు పేరు ఏడ కొడ్తవో గాడ పడాలె. ఏడ పడుతున్నదో చెప్పు."

కొత్త పళ్లెం అది, అద్దంలా మెరుస్తోంది. ఆ నల్లద్దాల్లోంచి నాకు చుక్క ఆనలేదు. వంగాను. అయినా ఆనలేదు. పేరు కొట్టేటప్పుడు వెలుతురు కోసం గిన్నెను తిప్పుకునే అలవాటు నాకు. అట్లాగే పళ్లాన్ని ఇటు కొంచెం, అటు కొంచెం తిప్పాను. నల్లకాగితం ఆ వెలుగును తాగింది. స్టీలు తాగలేదు. తిప్పి నా కంట్లోకి కొట్టింది.

నొప్పి లేదు. చప్పుడు లేదు. కన్ను నడుమ ఏదో మెరిసి ఆరినట్టయింది. పళ్లెం కింద పెట్టేశాను.

"ఆపురా."

"ఏమైంది వదినా?"

"ఏమో. సూర్యుణ్ణి సూసినట్టున్నది."

"జర సేపైతే పోతది తియ్యి" అని గుండీ వెనక్కి తిప్పాడు. తిప్పి, ముందు ఆ దిమ్మ వేడెక్కిందేమోనని చెయ్యి పెట్టి చూశాడు. ఆ తర్వాత నా వైపు చూశాడు. నాకు ఆ వరుస ఇప్పటికీ మింగుడుపడదు.

అత్తమ్మ పక్కింటి బాలింతను పిలిచి నా కంట్లో చనుబాలు వేయించింది. చల్లగా ఉంది, అంతే.

తెల్లవారి లేచి అలవాటుగా వాచకం తీశాను. 'కమల' అన్న మాట మీద చూపు పెడితే నడిమి అక్షరం లేదు. 'క' ఉంది, 'ల' ఉంది, మధ్యలో బూడిద రంగు మరక. చూపు పక్కకు జరిపితే 'మ' వచ్చింది, 'ల' పోయింది. ఏ అక్షరాన్ని చూడాలనుకుంటే ఆ అక్షరమే మాయం. వాకిట్లోకి వచ్చి మా ఇంటాయనను చూశాను. కళ్ల మీద చూపు పెడితే కళ్లు లేవు. నోటి మీద పెడితే నోరు లేదు. మాటలు మాత్రం అన్నీ వచ్చాయి.

"పొద్దుపొద్దున గట్ల దయ్యం లెక్క సూస్తవేందే?"

ఆ ఎండాకాలం

పోతదిలే, పోతదిలే అంటూ రోజులు గడిపారు. బియ్యంలో రాళ్లు ఏరలేకపోయాను. అన్నంలో రాయి తగిలితే నా వైపు చూసేవాళ్లు. ఒక పెళ్లి బిందె మీద పేరు కొడితే చుక్కలు గీత దాటి ఎటో పోయాయి. బిందె పాడయ్యాక ఇంట్లో కదలిక వచ్చింది. నన్ను పాలమూరు బస్సు ఎక్కించారు.

బస్సులో మా ఇంటాయన నా చెవి దగ్గరికి వంగాడు.

"డాక్టరు అడిగితే, సదువుకుంట సదువుకుంట గిట్లయిందని చెప్పు. లేజరు గీజరు అనకు."

"ఎందుకు?"

"గా ముక్క ఏడికెల్లి వచ్చిందో ఆనికే సక్కగ తెల్వదు. పోలీసులొస్తే దుకాణం మూసుకోవాలె. ఆనికి పిల్లను ఎవలిస్తరు?"

"మరి నా కన్ను?"

"కన్ను కోసమే గదనే పోతున్నం."

నేను చెప్పాలా వద్దా అని పాలమూరు దాకా తన్నుకులాడాను. ఆ అవసరమే రాలేదు. అక్కడి డాక్టరు నన్ను ఏమీ అడగలేదు. కన్ను నాది, అడిగింది మా ఇంటాయనను. ఆయన చెప్పదలచుకున్నది చెప్పాడు. డాక్టరు నవ్వాడు. "ఈ వయసుల సదువెందుకమ్మా, కలెక్టర్ అయితవా? ఉన్న కన్ను కాపాడుకో" అని కళ్లద్దాలకు చీటీ రాసి పంపాడు. ఆ అద్దాలు పెట్టుకుంటే మరక ఇంకా పెద్దగా కనిపించింది.

మళ్లీ కొన్ని రోజులు ఇంట్లోనే. ఈసారి మా అత్తమ్మ పట్టుబట్టింది. "నా అద్దాలు పెట్టుకున్నది బిడ్డ. గా పాపం నా మీద పెట్టకున్రి. పట్నం తీస్కపోతవా, నేనే తీస్కపోవాల్నా?" అని కొడుకు మీద అరిచింది. ఆమెకు బస్సులో కడుపులో తిప్పుతుంది. అయినా మా వెంట వచ్చింది.

పట్నంలో పెద్ద కండ్ల దవాఖాన. వరండా పొడవునా బల్లలు. అందరి కళ్లలో చుక్కల మందు వేసి కూర్చోబెడతారు. తలలు వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని, దేవుడి కోసం చూస్తున్నట్టు ఉంటారు జనం. నా వంతు వచ్చి చుక్కలు వేస్తే కన్ను మండిపోయింది. కాసేపటికి కళ్లు తెరిస్తే, తలుపుల్లేని ఇంట్లోకి వచ్చినట్టు వెలుతురంతా లోపలికి దూసుకొచ్చింది. ఉన్న మరక చుట్టూ లోకమంతా అలుక్కుపోయింది. ఇక ఇంతేనేమో, ఇక ఎప్పటికీ ఇంతేనేమో అనుకుని ఏడ్చాను. పక్కన ఒక ముసలాయన ఉన్నాడు, నల్లగొండ దిక్కు నుంచి వచ్చాడు. సున్నం బట్టీలో పని, సున్నమే కళ్లలో పడిందట. రెండు కళ్లకూ కట్టు ఉంది.

"ఏడ్వకు బిడ్డా, మందు కారిపోతది. మళ్ల పోస్తరు" అన్నాడు.

అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది.

"బట్టీల అద్దాలు ఇయ్యరా మామా?"

"ఎందుకియ్యరు? పెద్ద సారు వచ్చిననాడు ఇస్తరు. సారు పోంగనే గుంజుకుంటరు, మురికైతయని. నువ్వు జర పండుకో. నీ నంబరు నేను వింట. కండ్లు కట్టిన్రు గని చెవులు కట్టలె."

నిజంగానే నా నంబరు ఆయనే విని లేపాడు. ఆ మనిషి ముఖం నేను సరిగా చూడలేదు, నా ముఖం ఆయన చూడనే లేదు. మా ఇద్దరి కళ్లూ వేరేవాళ్ల అజాగ్రత్తతోనే పోయాయి. ఈ రోజుకీ ఆయన గుర్తొస్తే ముందు దయ గుర్తొస్తుంది, వెంటనే ఒళ్లు మండుతుంది.

లోపల ఒక పడుచు డాక్టరమ్మ. నా ముందు గళ్ల కాగితం పెట్టి, నడిమి చుక్కను చూస్తూ గళ్లు ఎట్లా ఉన్నాయో చెప్పమంది. చుక్కే లేదన్నాను. దాని చుట్టూ గీతలు ఎలుక కొరికిన చాపలా వంకర పోయి ఉన్నాయి. ఆమె నా కంట్లోకి వెలుగు వేసి చాలాసేపు చూసింది.

"ఏం చూసినవమ్మా? సూర్యుణ్ణి చూసినవా, వెల్డింగు చూసినవా?"

మా ఇంటాయన అందుకున్నాడు. "లేదు మేడం, సదువుకుంట సదువుకుంట..."

"మీరు జర బయట కూసోండి."

ఆయన బయటికి పోయాడు. నేను మొత్తం చెప్పాను. ముక్క, దిమ్మ, ఫ్యాను, పళ్లెం, అత్తమ్మ అద్దాలు. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసింది.

"నల్లద్దాలా? అమ్మా, నల్లద్దాలు మన కంటికి కనపడే వెలుగును ఆపుతయి. మీకు కనపడ్డ ఎర్రచుక్క దాని తోక మాత్రమే. అసలు వెలుగు కంటికి కనపడనే కనపడదు. అది ఆ అద్దాల్లోంచి దర్జాగా పోతది. పైగా చీకటైందని కంటిపాప పెద్దగ తెరుచుకుంటది. తెల్లటి వెలుగైతే రెప్పన్నా వాలుతది, దీనికి అదీ లేదు. చీకటి గది, నల్లద్దాలు, మెరిసే పళ్లెం. ఇంకేం మిగిల్చిన్రు?"

నన్ను చెయ్యి పట్టుకుని వరండా చివరికి తీసుకుపోయింది. అక్కడ ఒక మూసిన తలుపు, పైన ఎర్రబల్బు. తలుపు మీద ఏదో రాసి ఉంది. సూటిగా చూస్తే ఏమీ లేదు. మెడ పక్కకు తిప్పితే ఒక్కో అక్షరం దొరికింది. "లేజరు. లోపలికి రావద్దు." తలుపు పక్క మేకులకు అద్దాలు వేలాడుతున్నాయి. ఒక్కో జత మీద ఏదో అంకె ఉంది.

"ఏ వెలుగుకు ఆ అద్దాలే. మార్చి పెట్టుకుంటే పెట్టుకోనట్టే. ఇంత పెద్ద దవాఖానల మేము ఇంత భయపడి వాడతం. మీరు ఇంట్ల పళ్లెం పెట్టుకుని ఆడిన్రు."

"బాగైతదా అమ్మా?"

"వాపు కొంత తీస్తది, దానికి నెలలు పడతయి. మచ్చ పోదు. నడిమిట్ల కాలింది, అంచులు మంచిగున్నయి. అంచుతోని చూసుడు నేర్చుకోవాలె."

"సదవొచ్చా?"

"ఇప్పుడు తలుపు మీద ఏం చేసినవు మరి? చదువు. చదివితే కన్ను చెడదు. చెడతదని ఎవలన్నా అంటే నా దగ్గరికి పంపు."

వానలు పడ్డాక

ఆ మాట మూటగట్టుకుని ఇంటికి వచ్చాను. ఇంకో మాట నాకంటే ముందే ఊరు చేరింది. మా ఇంటాయన డాక్టరుకు చెప్పమన్న అబద్ధం డాక్టరు దగ్గర చెల్లలేదు కానీ బజారులో బాగా చెల్లింది. పాలమూరు నుంచి వచ్చినప్పుడే ఎవరో అడిగారు, ఆయన చెప్పాడు. దుకాణానికి వచ్చిన ప్రతివాళ్లూ నా ముఖం చూసి నాలుక చప్పరించేవాళ్లు. "నలభై ఏండ్లు దాటినంక అక్షరాలు పట్టుకుంటే కండ్లు పోవా మరి!" నేను నోరు తెరిచే లోపల మా ఇంటాయన గిన్నెల ధర చెప్పడం మొదలుపెట్టేవాడు. మిషను ఆయనే తీసుకున్నాడు. గిన్నెల మీద మళ్లీ తుమ్మకొమ్మలు మొలిచాయి. కింద రెండో పేరు అడిగే ఆడవాళ్లు అడగడం మానేశారు.

నా వాచకం తీసి అటక మీద పెట్టారు. "డాక్టరమ్మకేంది, ఎన్నన్నా చెప్తది. ఉన్న అంచులు గూడ పోతే నిన్ను ఎవలు సూస్తరు?" అన్నాడు మా ఇంటాయన. అది కూడా నా మీద ప్రేమేనట. నిచ్చెన వేసుకుని నేనే దించుకున్నాను.

అంచుతో చదవడం చెప్పినంత సులువు కాదు. అక్షరం ఎక్కడ ఉందో అక్కడ చూడకూడదు. దాని పైకో పక్కకో చూస్తే అది ఓరగా లోపలికి వస్తుంది. నలభై ఏళ్లకు పైగా, కావలసిన దాని వైపే చూసిన కన్ను అది. మాట వినదు. తెలియకుండానే అక్షరం మీదికి పోతుంది, పోగానే అక్షరం మాయం. మెడ పట్టేసేది. తల నొప్పితో వాంతి వచ్చేది. ఒక వాక్యం చదవడానికి కూర కూడా మాడిపోయేది. చాలాసార్లు పుస్తకం గోడకు కొట్టాను. మళ్లీ తెచ్చుకున్నాను.

నర్సింలు నా ఎదుట పడటం మానేశాడు. ఆ ముక్క మళ్లీ దూదిలో పడుకుంది. 

ఇది చదివేవాళ్లలో అతని లాంటి చేతిపనివాళ్లు ఉంటారు. వాళ్లకు డాక్టరమ్మ చెప్పిన మాటలు చెబుతాను. ఆ వెలుగు ఏ రకమో, దానికి తగిన అద్దాలు ఏవో తెలియకపోతే, అవి చేతిలో లేకపోతే, తీగ కలపవద్దు. ఎండకు పెట్టుకునేవి, శుక్లం అద్దాలు, వెల్డింగు అద్దాలు, ఏవీ దానికి అద్దాలు కావు. దాని ఎదుట మెరిసే వస్తువు ఏదీ ఉండకూడదు, గిన్నె కాదు, గడియారం కాదు, చేతి ఉంగరం కూడా కాదు. వెలుగు పోయి ఆగే చోట మెరవనిదీ కాలనిదీ ఉండాలి. కూర్చున్న మనిషి కంటి ఎత్తులో దాన్ని పెట్టకూడదు. చుట్టూ డబ్బా కట్టాలి. గది చీకటి చేయకూడదు. పనిలేని మనిషిని గదిలోకి పిలవకూడదు. మసకగా కనిపిస్తోంది కదా అని చిన్నదనుకోవద్దు. ఇవన్నీ చేయలేకపోతే ఆ ముక్కను దూదిలోనే పడుకోనివ్వండి. కాలితే ఆ ముక్క మళ్లీ పట్నంలో దొరుకుతుంది.

మరుసటి ఏడు, చలి తగ్గే రోజుల్లో

మహబూబ్‌బీ మా వాడలో గాజులు అమ్ముతుంది. బడిలో నా పక్కనే కూర్చునేది. నేను కన్నుతో కుస్తీ పడుతూ ఇంట్లో ఉన్న రోజుల్లో ఆమె బడి మానేసిందని సరిత చెప్పింది. ఆమె ఒక్కతే కాదట, సగం మంది మానేశారట. ఎందుకో అడుగుదామని మహబూబ్‌బీ ఇంటికి పోయాను.

"ఏం మహబూబ్‌బీ, బడికి పోతలేవట?"

"ఎట్ల పోతనక్కా! నా కొడుకు రోజూ లొల్లి పెడుతుండు. 'అంజమ్మక్క కండ్లు సూసినవా అమ్మీ? నీయి గట్లయితే గాజులు ఎవరు తొడుగుతరు?' అంటడు. వాడన్నది గలత్ కాదు గద."

"గలతే. నా కన్ను సదువుతోని పోలె."

"అరె! బాలయ్యన్ననే గట్ల చెప్పిండు గదా బజార్ల?"

కూర్చుని మొత్తం చెప్పాను.

"తౌబా తౌబా! అంటే మీ ఇంటి మొగోళ్ల ఇజ్జత్ కోసం మేమందరం కాయితాల మీద అంగూఠా పెట్టుకుంట బతకాల్నా?"

ఆ మాట నా చెంప మీద కొట్టినట్టయింది. అప్పటిదాకా నా కన్ను పోయిందని నాకు కోపం. ఒక్క ముక్క అబద్ధంతో వాడలో ఇంతమంది కళ్లు మూశారని అప్పుడు తెలిసింది. ఇంటికి వచ్చేసరికి అందరూ అన్నాల దగ్గర ఉన్నారు. నేను కూర్చోలేదు.

"రేపు నర్సింలు బడికాడికి వస్తడు. ఏం జరిగిందో అందరికి వాని నోటితోని చెప్తడు."

మా ఇంటాయన ముద్ద వదిలేశాడు. "పిచ్చి లేసిందా? ఆనికి సంబంధం మాట్లాడుతున్నం. గిప్పుడేనా?"

"సంబంధం ఆగుతది. నా సదువు ఆగి ఏడాదైంది."

"సదువు, సదువు! సదివి ఏం చేస్తవే?"

"పేర్లు కొడ్త. నువ్వు కొట్టినయి ఎవలియో ఎవలికీ తెలుస్తలేదు."

అత్తమ్మకు నోట్లో ముద్ద ఉండగానే నవ్వొచ్చి పొలమారింది. నర్సింలు మాత్రం తల ఎత్తలేదు.

"నేను కావాలని చేసిన్నా వదినా?"

"లేదు. పళ్లెం పట్టమన్నది కావాలని కాదు, నాకు ఎరుకే. ఏడాది సంది నోరు మూసుకున్నవ్ సూడు, అది కావాలనే."

అతను అన్నం ముందు నుంచి లేచి పోయాడు. రాడనే అనుకున్నాను.

మరునాడు పొద్దుగూకే వేళ బడి వరండాలో చాపలు నిండాయి. మానేసిన వాళ్లందరినీ మహబూబ్‌బీ ఇల్లిల్లూ తిరిగి పట్టుకొచ్చింది. గాజులకు గిరాకీ పిలిచినట్టే పిలిచిందట. నేను వచ్చి కూర్చున్నాక చాలాసేపటికి నర్సింలు వచ్చాడు. చాప మీదికి రాలేదు, స్తంభం దగ్గరే నిలబడ్డాడు.

"వదినె కన్ను సదువుతోని పోలె" అన్నాడు. దగ్గి మళ్లీ అన్నాడు. "నేను పట్నంకెల్లి లేజరు తెచ్చిన. నేనే పళ్లెం పట్టుమన్న. కండ్లకు ఏం పెట్టాల్నో నాకు తెల్వదు. తెలుసుకోలె. గందుకే పోయింది."

"గా దినమే గీ మాట చెప్పకపోతివి?" అంది వెనక నుంచి ఒకామె.

ఆమె అడిగింది జవాబు కోసం కాదు. అతను నా వైపు చూసి వెళ్లిపోయాడు. నేను అతన్ని క్షమించానా అని చాలామంది అడుగుతారు. అడిగేవాళ్లంతా అతను చెప్పిన రోజు గురించి అడుగుతారు. చెప్పకుండా గడిచిన రోజుల గురించి ఎవరూ అడగరు.

సరిత వాచకం తీసి నా చేతికిచ్చింది. "అక్కా, నువ్వే చదువు ఈ రోజు."

అదొక కథ. కోమటి దగ్గర మోసపోయిన ఒక రైతు ఊరి మీద అలిగి అడవికి పోతాడు. పుస్తకం ఎత్తి పట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకున్నాను.

"ఏందక్కా, గోడకు సదివి ఇనిపిస్తవా?" అంది ఒక పిల్ల. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. గోడ వైపు చూస్తూనే చదివాను. ఒక్కో అక్షరాన్ని ఓరగా పట్టుకుని, దాన్ని వదలకుండా రెండోదాన్ని పట్టుకుని. వాక్యానికీ వాక్యానికీ మధ్య మెడ నిమురుకుంటూ. అడవిలో రైతుకు ఎవరో ఎదురయ్యే చోట ఒక పొడుగు మాట దగ్గర ఆగిపోయాను. నడుమ ఒత్తు ఉంది, ఎటు తిప్పినా అది మరకలోకే పోతోంది. సరిత నాకు అందించబోయింది.

"ఆగు బిడ్డా" అంది మహబూబ్‌బీ. "ఆమెనే సదువుతది."

చూపును ఆ మాట పైకి, ఇంకా పైకి, కాగితం దాటించి సున్నం గోడ మీదికి తీసుకుపోయాను. అప్పుడు కింద అంచులో ఒత్తు తేలింది. చదివాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక నుంచి ఒకామె, "ఊ, అటెన్క?" అంది.

నేను తర్వాతి వాక్యానికి మెడ తిప్పాను.